నామం చాటున మైకు



మీకు నా గొంతు వినిపిస్తోంది. నా ఎదుట ఉన్న మైకు మాత్రం మీకు కనబడదు. రేడియోలో ఉన్న సుఖం అది. మైకు ఎంత పెద్దదైనా, ఎక్కడ నిలబెట్టినా ఎవరికీ అడ్డు కాదు. రంగస్థలం మీద అలా కుదరదు. శ్రీకృష్ణుడి పద్యం ఆఖరి వరసలో గోనె పరుచుకుని కూర్చున్న ముసలమ్మకి వినబడాలి. ద్వాపరయుగంలో లేని వస్తువు ఆయన ఒంటి మీద ఆ ముసలమ్మకి కనబడకూడదు. ఈ రెండూ ఒకేసారి జరిగేలా చూడటం నా పని.

నాది శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి. మేకప్ పెట్టె మోసే కుర్రాడిగా నాటకాల వాళ్ల వెంట తిరగడం మొదలుపెట్టాను. తరవాత కొన్నేళ్లు మైకుసెట్టు దగ్గర కూర్చున్నాను. ఇప్పుడు ఆ రెంటికీ నడుమ ఉన్న పని చేస్తున్నాను. వేషం కట్టిన నటుడి ఒంటి మీద తీగ లేని మైకు తగిలించడం, దాన్ని దాచడం. దీనికి తెలుగులో ఇంకా పేరు పడలేదు. గ్రీన్‌రూములో అందరూ 'కాలరు మైకు పెట్టే ఆయన' అంటారు. నిజానికి నేను దాన్ని ఏ కాలరుకీ పెట్టను. రాముడికీ కృష్ణుడికీ కాలరు ఎక్కడిది!

వస్తువు ఏమిటో ముందు చెప్పాలి. మైకు కందిగింజంత ఉంటుంది. మంచి రకాలైతే 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందం, అంతే. దాని నుంచి దారం లాంటి సన్నని తీగ ఒకటి కిందికి దిగి, రెండు అగ్గిపెట్టెలు కలిపి పెట్టినంత డబ్బాలోకి వెళుతుంది. ఆ డబ్బా ట్రాన్స్‌మిటరు. అందులో పెన్సిల్ సెల్లులు వేస్తాం. డబ్బా కొసన చిటికెన వేలంత ఏరియల్ వేలాడుతుంటుంది. గొంతు మైకులోకి, మైకు నుంచి డబ్బాలోకి వెళ్లి, అక్కడినుంచి గాలిలో రేడియో తరంగమై వింగు పక్కన పెట్టిన రిసీవరుకి చేరుతుంది. అక్కడినుంచి మిక్సరు, ఆంప్లిఫయరు, బాక్సులు. అంటే వేదిక మీద పద్యం పాడే ప్రతి నటుడూ నడుముకి ఒక చిన్న ఆకాశవాణి కేంద్రాన్ని కట్టుకుని నిలబడ్డట్టే.

మా ఉత్తరాంధ్రకి నాటకం కొత్త కాదు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కాన్ని మొదటిసారి ఆడారు. అప్పటి వేదికకి మైకు లేదు. అదే విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు గజ్జె కట్టి హరికథకి నిలబడేవారు. 1864లో పుట్టి 1945లో కాలం చేసిన ఆ మహానుభావుడికి గొంతే సాధనం. మైకు లేని రోజుల్లో నటుడు శ్రుతి పెంచి పాడేవాడు. హార్మోనియం మీద పై కట్టల్లో పాడితే పద్యం చెట్టు దాటి, పందిరి దాటి వెళ్లేది. పద్యనాటకంలో మాటకి మాటకి నడుమ ఆ విరుపూ, పద్యం చివర ఆ సుదీర్ఘమైన రాగాలాపనా ఊరికే పుట్టలేదు. సంగీతం మీద ప్రేమ ఎంత కారణమో, దూరాన ఉన్న చెవి కూడా అంతే కారణమని నా నమ్మకం.

పీసపాటి నరసింహమూర్తి గారి పేరు వినని నాటకాభిమాని మా వైపు ఉండడు. 1920లో బలిజిపేట దగ్గర వంతరాంలో పుట్టి, 2007 దాకా మన మధ్య ఉన్నారు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో శ్రీకృష్ణుడంటే ఇక్కడి వాళ్లకి ఆయన రూపమే కళ్ల ముందు కదులుతుంది. పెట్రోమాక్సు దీపాల నుంచి కరెంటు దీపాలకీ, ఉత్త గొంతు నుంచి మైకుకీ నాటకం మారిన కాలమంతా ఆ ఒక్క జీవితంలోనే ఇమిడి ఉంది.

మైకు వచ్చినప్పుడు జనం సంతోషించారు. అది వేదిక నుంచి ఏం తీసుకుపోయిందో చాలా రోజుల దాకా ఎవరూ పట్టించుకోలేదు. వేదిక ముందంచున రెండో మూడో స్టాండు మైకులు నిలబెట్టేవారు. పైనుంచి తాళ్లతో ఇంకో రెండు వేలాడదీసేవారు. పడక సీను గుర్తు తెచ్చుకోండి. కృష్ణుడు పాన్పు మీద నిద్ర నటిస్తున్నాడు. తలవైపు దుర్యోధనుడు, కాళ్లవైపు అర్జునుడు. కృష్ణుడు కళ్లు తెరిచి ముందుగా ఎవరిని చూస్తాడన్నదే ఆ సీనుకి ప్రాణం. స్టాండు మైకుల కాలంలో ఏం జరిగేది? కృష్ణుడు లేచి, పాన్పు దిగి, నాలుగడుగులు నడిచి మైకు దగ్గరికి వచ్చి, అర్జునుడికి వీపు చూపించి జనం వైపు తిరిగి పద్యం ఎత్తుకునేవాడు. అర్జునుడు తన వంతు వచ్చేదాకా పక్క మైకు దగ్గర నిలబడి ఉండేవాడు. బావా బావమరదులు మాట్లాడుకుంటున్నట్టు ఉండేది కాదు, ఇద్దరూ మైకుతో మాట్లాడుతున్నట్టు ఉండేది. కొన్ని తరాల నటులకి 'ముందుకొచ్చి పాడు' అన్నదే మొదటి పాఠమైపోయింది.

అందులో వాళ్ల తప్పు లేదు. నోటికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపైతే మైకుకి అందే శబ్దం ఆరు డెసిబెల్స్ పడిపోతుంది. మూడడుగుల దూరం ఆరడుగులైతే మిక్సరు దగ్గర కూర్చున్నవాడు ఫేడరు, అంటే శబ్దం పెంచే మీట, పైకి తోయాలి. తోస్తే బాక్సుల్లోంచి వచ్చిన మోత తిరిగి మైకులోకే దూరి కూత పెడుతుంది. ఆ కూత వినని జాతర పందిరి మన దేశంలో ఉండదు. అదే తీగ లేని మైకుని నటుడి నుదుటి దగ్గర పెడితే నోటికీ దానికీ జాన దూరం కూడా ఉండదు. పైగా నటుడు ఎటు తిరిగినా మైకు అతనితోనే తిరుగుతుంది. కాబట్టి ఫేడరు తక్కువలో ఉంచినా మాట నిండుగా వస్తుంది, కూత రాదు, కృష్ణుడు పాన్పు దిగక్కర్లేదు. తీగ లేని మైకు గురించి నేను చెప్పదలుచుకున్న మొదటి సంగతి ఇదే. అది గొంతు పెంచడానికి వచ్చిన పరికరం కాదు. స్టాండు మైకు నటుడి దగ్గర లాక్కున్న వేదికని తిరిగి అతనికి అప్పజెప్పడానికి వచ్చింది.

ఆ మాట నాకు మొదట్లోనే తెలియలేదు. మా దగ్గరికి కాలరు మైకులు వచ్చిన కొత్తలో, మా ఊరి దగ్గరే ఒక గ్రామంలో రాయబారం సీను. టీవీలో వార్తలు చదివేవారు పెట్టుకున్నట్టే నేనూ కృష్ణుడి గుండె మీద, హారం పక్కన, క్లిప్పు బిగించాను. మొదటి పద్యం ఎత్తుకోగానే బాక్సుల్లోంచి పూసల మోత వచ్చింది. ఊపిరి తీసినప్పుడల్లా గలగల. చెయ్యెత్తినప్పుడల్లా భుజకీర్తి రాసుకుని బరబర. తల దించితే గడ్డం అడ్డొచ్చి గొంతు మూతపడినట్టయ్యేది, తల ఎత్తితే ఒక్కసారి పెరిగేది. నటుడు పెద్దాయన. సీను అయ్యాక కిరీటం తీసి నా చేతికిచ్చి, "బావూ, నాను పద్యం పాడేనా, పూసల్ని ఆడించేనా?" అని అడిగేరు. కోపంగా అడగలేదు. అందుకే ఆ మాట నాకు ఇన్నేళ్లయినా గుర్తుంది.

అప్పట్నుంచి గుండె మీద పెట్టడం మానేశాను. నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట నడిమధ్యన పెడతాను. ప్రపంచమంతటా సంగీత నాటకాల వాళ్లు ఎంచుకునే చోటు కూడా అదే. లండన్‌లోనూ న్యూయార్కులోనూ విగ్గు అంచు కింద నుంచి ఒక చిన్న చుక్కలా తొంగిచూస్తుంది. వాళ్లకి విగ్గు ఒక్కటే దిక్కు. మన పౌరాణిక వేషానికి అంతకంటే మంచి దాపులు ఉన్నాయి. కృష్ణుడికి కిరీటం ఉంది. కిరీటం కింద నామం ఉంది. ఆ నామం పై కొసన, కిరీటం అంచు నుదుటిని తాకే చోట కందిగింజంత మైకు ఒదిగిపోతుంది. మొదటి వరసలో ఉన్న పిల్లలు కూడా దాన్ని కస్తూరి చుక్కే అనుకుంటారు.

ఎలా పెడతానో కొంచెం వివరంగా చెబుతాను. మేకప్ వేశాక పెడితే అతుక్కోదు, మేకప్ వేయకముందు పెడితే రంగు మైకులోకి పోతుంది. అందుకని మొదట నుదురు, చెవి వెనక, మెడ వెనక స్పిరిట్ దూదితో తుడిచి, జిడ్డు వదిలించి, తీగ వరకూ అతికించేస్తాను. మైకు కొసని మాత్రం చిన్న ప్లాస్టిక్ మూతతో కప్పి ఉంచుతాను. రంగు వేయడం అయ్యాక ఆ మూత తీస్తాను. తీగకి ఆసుపత్రిలో వాడే పారదర్శకమైన ప్లాస్టరే మంచిది. మామూలు టేపు చెమటకి వదిలేస్తుంది, తీసేటప్పుడు చర్మం లాక్కొస్తుంది. తీగ నడినెత్తి మీదుగా వెనక్కి వెళ్లి, విగ్గు కింద వేసే గుడ్డటోపీకి రెండు చోట్ల స్లైడు పిన్నులతో పట్టి ఉంటుంది. మెడ వెనక దిగేచోట ఒక మడత వదులుగా ఉంచుతాను. నటుడు తల ఎటు తిప్పినా తీగ లాగకూడదు. ఆ వదులు లేకపోతే తల వంచి నమస్కారం పెట్టగానే మైకు నుదుటి మీద నుంచి జారి విగ్గులోకి పోతుంది. మెడ మీద కనబడే తీగకి నటుడి ఒంటి రంగే వేస్తాను. కృష్ణుడికి నీలం, మిగిలినవాళ్లకి వాళ్ల వాళ్ల రంగు.

మైకు తల ఎటు చూడాలన్నది చాలామంది అడుగుతారు. మేం వాడే రకం నాలుగు వైపులా సమంగా వినేది. అది పక్కకి తిరిగినా, కాస్త కిందికి వంగినా గొంతు మారదు. ఒకే వైపు వినే రకాన్ని ఒంటి మీద పెడితే వెంట్రుకంత కదిలినా స్వరం రంగు మారిపోతుంది.

ఇంక చెమట. సముద్రపు గాలి తగిలే మా వైపు ఉక్కపోత సంగతి మీకు తెలుసు. పట్టు బట్టలు, విగ్గు, కిరీటం, మీద లైట్లు. పది నిమిషాల్లో నుదుటి మీద చెమట ధార కడుతుంది. మైకుకి చావు చెమటతోనే. ఒక్క బొట్టు లోపలికి పోతే గొంతు దుప్పటి కప్పుకున్నట్టు అయిపోతుంది. అందుకని మైకుకి కొంచెం వెనక తీగని చిన్న చుట్ట చుడతాను. తీగ వెంట జారి వచ్చే చెమట ఆ చుట్ట దగ్గర ఆగి కిందికి కారిపోతుంది, మైకు దాకా రాదు. ఇంటి కరెంటు తీగని గోడలోకి పంపేముందు కిందికి ఒక వంపు ఇస్తారు చూడండి, వాన నీరు లోపలికి పోకుండా. అదే కిటుకు. నడుము దగ్గరి డబ్బాకి ఆసుపత్రి గ్లౌజు తొడిగి దారంతో కడతాను. సీనుకీ సీనుకీ మధ్య గాలి ఊదే రబ్బరు బల్బుతో మైకుని ఆరబెడతాను. నోటితో ఊదకూడదు. నోటి ఆవిరి కూడా తడే.

డబ్బా ఎక్కడ కట్టాలన్నది వేషాన్ని బట్టి కాదు, ఆ వేషం చేసే పనిని బట్టి చూడాలి. నడుము వెనక, వెన్ను గుంటలో కట్టడం వాడుక. అలా కట్టి కృష్ణుణ్ణి పాన్పు మీద పడుకోబెడితే డబ్బా వెన్నులో గుచ్చుకుంటుంది, అటూ ఇటూ కదిలితే చెక్కకి తగిలి టకటకమంటుంది. పడక సీను కృష్ణుడికి నేను ఎడమ డొక్క పక్కన కడతాను, జనం వైపు కాకుండా. ఇంకో జాగ్రత్త ఉంది. వడ్డాణం. ఇత్తడి వడ్డాణం కింద ఏరియల్ ఇరుక్కుంటే తరంగం బయటికి రాదు, మాట మధ్యలో తెగిపోతుంది. ఒంటికి చెమటతో అతుక్కున్నా అంతే, ఎందుకంటే మనిషి ఒళ్లు సగానికి పైగా నీరు. నీరు ఆ తరంగాన్ని మింగేస్తుంది. ఏరియల్‌ని చుట్టి కట్టకూడదు, బట్ట మడతలో తిన్నగా వేలాడనివ్వాలి. రిసీవరు ఏరియల్స్‌ని జనం తలలకంటే ఎత్తులో, వేదిక కనబడే చోట పెట్టాలి. వింగు వెనక ఇనప బీరువా మీద పెట్టి, ఇది పనికిరాని మైకు అన్నవాళ్లని నేను చూశాను.

అన్ని వేషాల్లోకీ కష్టమైంది హరిశ్చంద్రుడి కాటిసీను. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలో రాజు కాటికాపరి అయ్యాక కిరీటం లేదు, హారాలు లేవు, ఒంటి మీద చొక్కా లేదు. మొలకి ఒక బట్ట, భుజాన గొంగళి, చేతిలో కర్ర. ఆ సీనులో జాషువా గారి శ్మశాన పద్యాలు కూడా చేర్చి పాడటం ఆనవాయితీ కాబట్టి గొంతు పలికే తీరు చాలా ముఖ్యం. ఎక్కడ దాచాలి? డబ్బా మొలబట్ట లోపల, తుంటికి ఆనుకుని, వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీలో కడతాను. తీగ వెన్నెముక వెంబడి పైకి పోతుంది. వీపంతా బూడిద పూస్తారు కదా, ఆ బూడిదే తీగకీ పూస్తాం. చిందరవందరగా ఉండే విగ్గు నుదుటి మీద పడే ఒక పాయ కింద మైకు. గొంగళి మాత్రం మైకుకి పగవాడు. ఉన్ని రాసుకుంటే పొయ్యిలో చితుకులు విరిగినట్టు చప్పుడొస్తుంది. అందుకే గొంగళి ఏ భుజాన వేయాలో, ఎప్పుడు తీయాలో నటుడితో ముందే మాట్లాడుకుంటాను. అందుకు ఇష్టపడని నటుడు నాకింతవరకూ తగల్లేదు.

చంద్రమతికి మరో చిక్కు. లోహితుణ్ణి గుండెకి హత్తుకుని ఏడవాలి. గుండె మీద మైకు ఉంటే ఆ సీను మొత్తం బట్టల రాపిడిలో పోతుంది. ఆడవేషాలకి పాపిట ఉంది. పాపిట వెంబడి తీగ వచ్చి నుదుటి మొదట్లో ఆగితే దాని మీద పాపిడి బిళ్ల పడుతుంది. చంద్రమతి నగలన్నీ పోగొట్టుకున్న ఇల్లాలు కాబట్టి ఆ సీనులో బిళ్ల ఉండదు, ముంగురులే దాపు. సత్యభామకైతే బిళ్లా, జడా రెండూ ఉంటాయి. మా తూర్పు భాగోతంలో సత్యభామ జడకి ఎంత గౌరవమో మీకు తెలుసు. ఆ జడ అల్లేటప్పుడే తీగని పాయల్లో కలిపి అల్లేస్తే కిందిదాకా దాగిపోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆడవాళ్లకి మైకు తగిలించే పని ఆడవాళ్లే చేయాలి. డబ్బా చీర లోపల లంగా నాడాకి కట్టాలి, తీగ జాకెట్టు లోపలి నుంచి మెడ వెనక్కి రావాలి. మైకుసెట్టు కుర్రాణ్ణి గ్రీన్‌రూములోకి పంపి ఆ పని చేయించడం నటికి అవమానం. డబ్బా ఎలా కట్టాలో, తీగకి ఎక్కడ వదులు ఉంచాలో నేర్పితే ఏ మేకప్ అమ్మాయైనా ఒక సాయంత్రంలో నేర్చుకుంటుంది. మా బృందంలో ఇప్పుడు అలా చేసే చెల్లెలు ఒకరున్నారు. ఆమె పని నా పనికంటే శుభ్రంగా ఉంటుంది.

గడ్డాలున్న వేషాలు సుళువు. విశ్వామిత్రుడి పెట్టుడు గడ్డంలో, చెవి పక్కన, వెంట్రుకల మధ్య మైకు కుట్టేస్తే దేవుడికి కూడా కనబడదు.

బుగ్గ పక్కన కడ్డీలా నిలబడే హెడ్ మైకు గురించి అడుగుతారు. హరికథకీ బుర్రకథకీ అది బాగుంటుంది. కథ చెప్పేవారు ఈ కాలపు మనుషులుగానే మన ముందు నిలబడతారు కాబట్టి మైకు కనబడినా పరవాలేదు. 1979లో ఇంగ్లండు గాయని కేట్ బుష్ తన కచేరీల్లో పాడుతూనే నాట్యం చేయాలనుకుంటే, సౌండు మనుషులు బట్టలు తగిలించే హేంగరు తీగని వంచి దానికి మైకు కట్టి ఆమె తలకి తగిలించారు. మన మైకుసెట్టు వాళ్లు కట్టుదీగ వంచి చేసే పనుల్ని తక్కువగా చూడకండి. నాటకంలో మాత్రం ధర్మరాజు బుగ్గ మీద నల్లటి కడ్డీ నాకు మింగుడు పడదు. దాచడం కుదరకపోతే ఆ రోజుకి స్టాండు మైకే పెట్టండి.

అలాగే తప్పెటగుళ్లకి ఒంటి మీద మైకు వద్దు. కళాకారుడి గుండె మీద రేకు తప్పెట వేలాడుతుంటుంది, దాన్ని రెండు చేతులా వాయిస్తూ ఎగిరి దూకుతూ పాడతాడు. ఆ రేకు మోత ముందు ఏ మైకూ గొంతుని విడిగా పట్టలేదు. ఆ ఆటకి నాలుగు స్టాండు మైకులు కాస్త ఎత్తులో పెట్టి వదిలేయడమే న్యాయం.

సినిమాలోనూ ఇలాంటి కథే ఉంది. 1964లో వచ్చిన మై ఫెయిర్ లేడీలో నటుడు రెక్స్ హారిసన్ ముందే రికార్డు చేసిన పాటకి పెదవులు కదపనని పట్టుబట్టాడు. కెమెరా ముందే పాడతానన్నాడు. అతని మెడకి కట్టిన టై లోపల తీగ లేని మైకు దాచి ఆ పాటలు పట్టారు. ఆ చిత్రానికి శబ్దగ్రహణంలో ఆస్కారు వచ్చింది. నేను ఆ సంగతి చదివినప్పుడు మన పద్యనాటకం వాళ్లే గుర్తొచ్చారు. వీళ్లు ఏనాడూ ఉత్తినే పెదవులు కదపలేదు. ప్రతి రాత్రీ, ప్రతి ఊళ్లో, వన్స్ మోర్ అని అరిస్తే రెండోసారి కూడా, నిజంగా పాడారు.

నిజంగా పాడటం అంటే గుర్తొచ్చింది. డబ్బాలో శబ్దం పాళ్లు సరిచూసేటప్పుడు 'హలో హలో, ఒకటి రెండు మూడు' అనిపిస్తారు. పద్యనాటకానికి అది పనికిరాదు. మాట్లాడే గొంతుకి సరిచేస్తే పద్యం చివర ఆలాపన అందుకోగానే గొంతు చీలిపోయినట్టు వినబడుతుంది. నటుడు తన పద్యాల్లో పై స్థాయికి పోయేదేదో అదే పాడాలి. హార్మోనిస్టు కూడా వచ్చి ఉండాలి. నటులు దానికి సాధారణంగా ఒప్పుకోరు, గొంతు దాచుకోవాలంటారు. రెండు పాదాలు చాలు నాయనా అని బతిమాలతాను.

మిక్సరు దగ్గర కూర్చునే మనిషికి నాటకం కంఠతా రావాలి. కృష్ణుడూ అర్జునుడూ కౌగిలించుకున్నప్పుడు ఇద్దరి మైకులూ తెరిచి ఉంటే ఒక్క గొంతు రెండు మైకుల్లోకీ వెంట్రుకవాసి తేడాతో పోయి, బిందెలోంచి మాట్లాడినట్టు బోలుగా వస్తుంది. మాట్లాడేవాడిది ఉంచి రెండోవాడిది మూయాలి. అతను నోరు తెరిచేలోపు మళ్లీ తెరవాలి. రాత్రంతా, పద్యం పద్యానికీ. పడుకున్న కృష్ణుడి మైకు మూయకపోతే ఆయన ఊపిరి బాక్సుల్లో తుఫాను గాలిలా వినబడుతుంది.

మూయడం మరిచిపోతే ఏమవుతుందో ఒకసారి నా చేతుల మీదే జరిగింది. హరిశ్చంద్ర నాటకంలో వీరబాహు వేషం వేసిన నటుడు తన పని ముగించుకుని గ్రీన్‌రూములోకి వెళ్లాడు. నేను అతని ఫేడరు దించలేదు. అతను ఇంటికి ఫోను చేసి, పిల్లకి జ్వరం తగ్గిందా, తడిగుడ్డ వేశారా, పాలు తాగిందా అని అడుగుతున్నాడు. వేదిక మీద చంద్రమతి బిడ్డ శవం పక్కన కూర్చుని ఉంది. ఆ తండ్రి మాటలు పందిరంతా వినబడ్డాయి. ఎవరూ నవ్వలేదు. చంద్రమతి వేషం వేసిన ఆవిడ పద్యం ఆపి తల దించుకున్నారు. నేను ఫేడరు దించేసరికి నాలుగు మాటలు వెళ్లిపోయాయి. ఆ రాత్రి ఆ నటుడి కాళ్లు పట్టుకున్నాను. అప్పట్నుంచి నాకో నియమం. నటుడు వింగులో అడుగు పెట్టగానే ముందు అతని గొంతు మూయాలి, తరవాతే మరో పని.

సెల్లుల విషయంలో కక్కుర్తి పడకండి. నిన్నటి నాటకంలో మిగిలినవి ఇంకో గంట వస్తాయిలే అనుకుంటే సరిగ్గా రాయబారంలో ఆగిపోతాయి. ప్రతి నాటకానికీ కొత్త సెల్లులు వేసి, మిగిలిన వాటిని ఇంట్లో గడియారానికి వాడుకోండి. సెల్‌ఫోను డబ్బా పక్కన పెట్టుకోనివ్వకండి, గరగరమంటుంది. జాతరలో పక్క పక్క పందిళ్లు ఉంటే రెండో పందిరి మైకువాళ్లతో వెళ్లి మాట్లాడండి. రెండు సెట్లూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటే వాళ్ల బుర్రకథ మన నాటకంలోకి వచ్చి పడుతుంది. నాలుగు మాటలు మంచిగా మాట్లాడితే ఒకరు చానల్ మార్చుకుంటారు.

భరతుడి నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా చెప్పింది. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. నుదుటి మీద దాచిన ఆ గింజ వాచికానికి చెందినదే. దాన్ని దాచే పని ఆహార్యానిది. మన దగ్గర చిక్కంతా ఇక్కడే ఉంది. మైకువాడు అది తన వస్తువు కాబట్టి తనే పెడతానంటాడు, అతనికి వేషం తెలియదు. మేకప్ మాస్టారు తలకి సంబంధించింది తనదంటారు, ఆయనకి తీగ తెలియదు. ఇద్దరూ తలో మాట అని వదిలేస్తే నటుడే వేదిక ఎక్కేముందు హడావుడిగా తన చేత్తో తనే ఎక్కడో గుచ్చుకుని వెళ్లిపోతాడు. ఇది ఇద్దరూ కలిసి చేయాల్సిన పని. కిరీటం పెట్టకముందు, రంగు వేసే కుర్చీలోనే జరగాలి.

ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో తెనాలిలో మొదలైంది. ఆ దారిలోనే మన ఊళ్లన్నింటా పరిషత్తులు వెలిశాయి. ఆహార్యానికి బహుమతి ఇస్తున్నారు, రంగాలంకరణకి ఇస్తున్నారు, సంగీతానికి ఇస్తున్నారు. సంతోషం. పరిషత్తుల పెద్దలకీ, జాతర కమిటీల వారికీ నాదొక విన్నపం. నాటకం మాట్లాడుకున్న రోజునే ఎన్ని వేషాలకి మైకు కావాలో అడిగి రాసుకోండి. నటులు రంగు వేసుకునే వేళకే మైకు సామాను గ్రీన్‌రూముకి చేరేలా చూడండి. ఊళ్లో ముందు డప్పులు, ఊరేగింపు ఉంటాయని తెలుసు. అవి అయ్యాక మైకు సర్దుకోవడానికి ఒక గంట నిశ్శబ్దం ఇవ్వండి. అన్ని వేషాలకీ సరిపడా మైకులు తెచ్చే స్తోమత లేకపోతే ఇద్దరికే పెట్టండి, పద్యాలు ఎక్కువ ఉన్న ఇద్దరికి. మిగిలినవాళ్లకి స్టాండు మైకులు ఉండనే ఉన్నాయి.

ఇక శ్రోతలకి ఒక మాట. మా కొత్తమ్మ తల్లి జాతరకో, మీ ఊరి పండగకో పద్యనాటకం చూడటానికి వెళతారు. కృష్ణుడు పాన్పు మీద నుంచి దిగకుండా, అర్జునుడి కళ్లలోకి చూస్తూ పద్యం ఎత్తుకున్నప్పుడు ఒక్కసారి ఆయన నుదుటి వైపు చూడండి. నామం తప్ప మీకేమీ కనబడకపోతే, నాటకం అయ్యాక గ్రీన్‌రూము దాకా వచ్చి ఆ మైకు పెట్టినవాళ్లని పలకరించి వెళ్లండి. తీగలు విప్పుతూ, సెల్లులు తీస్తూ, మైకులు తుడిచి ఆరబెట్టుకుంటూ తెల్లవారేదాకా వాళ్లు అక్కడే ఉంటారు.